తక్కువ సామానుతో కాపురం: నేను పుస్తకం వ్రాసిన వైనం

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయ్యో పడిలో పడ్డాక తొలి పుస్తకం ఎలా వ్రాశారో చెప్పమని కార్యదర్శిగారు నాకు పావుగంట ఇచ్చారు. రెవెన్యూ శాఖలో 34 ఏళ్లు నోట్ ఫైళ్లు వ్రాసినవాణ్ణే గాని, పుస్తకం అనేది కలలో కూడా అనుకోలేదు. 2012లో రిటైరయ్యాను. 2024లో పుస్తకం అచ్చయింది. 96 పేజీలు. దుకాణంవారు దాన్ని వ్యక్తిత్వ వికాసం అరలో, యండమూరివారి 'విజయానికి ఐదు మెట్లు' పక్కన పెట్టారు. నా పుస్తకంలో విజయానికి ఒక్క మెట్టు కూడా లేదు. ఇంట్లో పేరుకుపోయిన సామాను తగ్గించుకోవడం ఎలాగన్నదే అందులో ఉంది. ఇప్పటి పిల్లలు దీన్నే మినిమలిజం అంటున్నారు.

దీనికి మూలం మా అన్నయ్య. ఆయన ఉపాధ్యాయుడు. 2018లో కాలం చేశారు. పిల్లలిద్దరూ యోగ్యులు, దూరాన ఉద్యోగాలు. పెద్దకర్మ అయ్యాక నాలుగు రోజుల్లో అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. నలభై ఏళ్ల సామాను, నాలుగు రోజుల గడువు! పాత పుస్తకాలు, కాగితాలు, రశీదులు మూటలు కట్టి కిలోల లెక్కన తూచి ఇచ్చేశారు. ఆ మూటల్లో అన్నయ్యగారి పి.పి.ఓ. పోయింది, బ్యాంకు పాసుపుస్తకమూ పోయింది. ఖజానాలో ఆఫీసు కాపీ ఉంటుంది కదా అని మీలో కొందరు అనుకుంటున్నారు. ఉంటుంది. నంబరు తెలిస్తే త్వరగా దొరుకుతుంది. దానికి తోడు పి.పి.ఓ.లో వదినగారి పేరుకీ, ఆధార్‌లో పేరుకీ ఒక అక్షరం తేడా. ఫ్యామిలీ పెన్షన్ చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ, ఎన్నడూ ఇంకొకరి ముందు చేయి చాచని మనిషి, మందులకు పిల్లల్ని డబ్బు అడగవలసి వచ్చింది. పిల్లల్ని నేనేమీ అనను. అన్ని మూటల్లో ఏది బంగారమో, ఏది చెత్తో వాళ్లకెలా తెలుస్తుంది?

అక్కడినుంచి ఇంటికొచ్చి నా బీరువా తీశాను. ఎప్పుడో అమ్మేసిన స్కూటరు ఇన్సూరెన్సు కాగితాలు, 1987 నాటి కరెంటు బిల్లులు, గొడుగు ఊచలు, ఏ తాళానికి చెందినవో తెలియని తాళంచెవుల గుత్తి. నేను కలెక్టరేటు రికార్డు గదిలో తొమ్మిదేళ్లు పనిచేశాను. రెవెన్యూ మిత్రులకు తెలిసిందే, ఇతర శాఖలవారి కోసం చెబుతున్నాను: ఫైలు ముగిశాక దాని మీద ఒక గుర్తు పడుతుంది. శాశ్వతంగా ఉంచవలసింది ఆర్.డిస్., పదేళ్లు ఉంచవలసింది డి.డిస్., ఏడాది చాలునన్నది ఎల్.డిస్. గడువు తీరితే జాబితా వేసి, పై అధికారి సంతకంతో తీసివేయడమే. ఇంట్లోనూ అదే మొదలుపెట్టాను. సుద్దముక్కతో ట్రంకుపెట్టెల మీద గుర్తులు వేశాను. పై అధికారి మా ఆవిడ.

ఆవిడ అన్నిటికీ సంతకం పెట్టలేదు లెండి. మా మనవరాలు జపాన్‌కు చెందిన మారీ కొండో పుస్తకం సంగతి చెప్పింది. 2011లో వచ్చిన ఆ పుస్తకం ప్రపంచమంతా పాకింది. ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని, అది మనసుకు సంతోషం ఇస్తుందా అని చూసుకోవాలట, ఇవ్వకపోతే సాగనంపాలట. మా ఆవిడ అటక మీది ఇత్తడి గుండిగ చూపించి, "ఏమండీ, దీన్ని ఎత్తితే నాకు నడుంనొప్పి తప్ప సంతోషం రాదు. కానీ వీధిలో ఏ ఇంట పెళ్లయినా మొదట అడిగేది దీన్నే. పారేస్తే వాళ్లకేం చెబుతారు?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. వీధి వాడుకునే వస్తువు మిగులు సామాను కాదని పుస్తకంలో వ్రాశాను. వంటింటి అధ్యాయం మొత్తం ఆవిడ చెబుతుంటే నేను గుమాస్తాగా వ్రాసిందే.

విదేశీ పుస్తకాలతో నాకున్న పేచీ కూడా ఇదే. తీసివేస్తే మళ్లీ కొనుక్కోవచ్చులే అన్న ధీమా వాటిలో ఉంటుంది. మన తరానికి ఆ ధీమా ఎక్కడిది? రేషను కార్డు మీద చక్కెర తెచ్చుకున్నాం, చిరిగిన దుప్పటిని బొంత కుట్టుకున్నాం. తాడుముక్క దాచామంటే అది పిసినారితనం కాదు, రేపు కావలసి వస్తే కొనలేమన్న భయం. ఆ భయాన్ని ఎగతాళి చేసే వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదని మొదటే నిశ్చయించుకున్నాను. ఒక ప్రచురణకర్త వ్రాతప్రతి చూసి, 'ముప్ఫై రోజుల్లో ఇల్లు ఖాళీ' అని పేరు మార్చి, పది ఆజ్ఞలుగా వ్రాయమన్నారు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

వాటన్నిటిలో నాకు బాగా నచ్చింది స్వీడన్ పుస్తకం. మార్గరెటా మాగ్నూసన్ అనే పెద్దావిడ వ్రాసిన ఆ పుస్తకం 2017లో వచ్చింది. మనం పోయాక మన సామాను సర్దే భారం పిల్లల మీద పడకుండా, ఓపిక ఉన్నప్పుడే మనమే సర్దుకోవడం గురించి అది. ఆ పనికి వాళ్ల భాషలో ఒక మాటే ఉంది, చావు, శుభ్రం చేయడం అనే రెండు మాటలు కలిపి చేసిన మాట. మన ఇళ్లలో ఆ మాట అంటే "అపశకునం మాటలు" అని నోరు మూయిస్తారు. మా అన్నయ్య ఇంట్లో జరిగింది చూశాక నాకది అపశకునంగా తోచలేదు.

వ్రాయడానికి రెండేళ్లు పట్టింది. తెల్లవారుజామున గంటసేపు, తెల్ల కాగితాల నోటుపుస్తకంలో. నోట్ ఫైలు అలవాటు కొంత మేలు చేసింది, ఎందుకంటే చుట్టు తిరగకుండా విషయానికి వస్తాం. కాకపోతే "పై విషయమును పురస్కరించుకొని" వంటివి మా ఆవిడ ఎర్ర సిరాతో కొట్టేసింది. డి.టి.పి. చేయించాక 107 పేజీలు తేలింది. ప్రెస్సాయన ఫారం అంటే 16 పేజీలు, ఆరు ఫారాలయితే 96, ఏడయితే 112, ఏదో ఒకటి తేల్చమన్నాడు. తక్కువతో బతకమని చెప్పే పుస్తకానికి పేజీలు పెంచుతామా! 11 పేజీలు తీసేశాం. పోయినవన్నీ పెద్దల సూక్తులు, నా ముందుమాట. ఐ.ఎస్.బి.ఎన్. నంబరును రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీవారు రుసుము లేకుండానే ఇస్తారు. వ్రాయాలనుకునే మిత్రులు దానికి దళారులకు డబ్బు ఇవ్వకండి.

పుస్తకంలో ఎక్కువమంది చదివింది 'ఎర్ర సంచి' అనే నాలుగు పేజీలు. పి.పి.ఓ. నకలు, పాసుపుస్తకం, ఆధార్, దంపతుల జాయింటు ఫొటో, నామినేషన్ కాగితాలు, ఇంటి దస్తావేజుల జాబితా, అన్నీ ఒకే గుడ్డ సంచిలో పెట్టి, అది ఏ కొక్కేనికి ఉందో భార్యకూ, పిల్లల్లో ఒకరికీ చూపించాలి. పేర్లలో అక్షరాల తేడా ఉంటే మనం బతికుండగానే దిద్దించాలి. అంతే. ఒక సోదరి ఫోన్ చేసి, భర్త ఎన్నేళ్లుగా అడిగినా కాగితాలు ఎక్కడున్నాయో చెప్పరనీ, ఆ పేజీ తెరిచి ఆయన పడక్కుర్చీలో పెట్టాననీ అన్నారు. వారం తర్వాత మళ్లీ చేశారు. ఆయన ఏమీ మాట్లాడలేదట, కానీ కొత్త సంచి కుట్టమని గుడ్డ తెచ్చి ఇచ్చారట.

అమ్మకాల సంగతి కూడా అడుగుతున్నారు. అమెరికాలో థోరో అనే ఆయన 1845 నుంచి రెండేళ్లకు పైగా వాల్డెన్ చెరువు గట్టున చిన్న ఇల్లు కట్టుకుని బతికి, 1854లో 'వాల్డెన్' పుస్తకం తెచ్చాడు. అంతకుముందు 1849లో సొంత పూచీ మీద వేయించిన తొలి పుస్తకం వెయ్యి కాపీల్లో 706 అమ్ముడుపోక 1853లో ఇంటికి తిరిగొస్తే, తానే మేడ మీదికి మోసుకున్నాడు. నేను వేయించింది 500. కమిషన్ పోగా అచ్చు ఖర్చు ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. మిగిలిన 180 మా మంచం కింద ఉండగా, వాటి మీద ఎల్.డిస్. అని సుద్దముక్కతో వ్రాసింది మా ఆవిడ. అందులో నలభై ఈరోజు తెచ్చాను, వెనక బల్ల మీద ఉన్నాయి. వెల ఎనభై రూపాయలు. ఒంటరిగా ఉన్న సోదరీమణులకు ఉచితం, సంచి కూడా ఇస్తాం. సెలవు.