ఏ సినిమాలోనిదియు కాని పాట

మన గోదావరి సీమలో పెండ్లిపందిరియందైనను, తీర్థమునందైనను క్రొత్త పాట వినబడినచో మొదట పుట్టు ప్రశ్న యొక్కటే: "ఇది ఏ సినిమాలోనిది?" ఏ సినిమాలోనిదియు కాని పాటను గురించి నేడు ముచ్చటింపదలచినాము.

అట్టి పాట మనకు క్రొత్త కాదు. 1920లో నిడదవోలున జన్మించిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు 1941లో మద్రాసు రేడియోలో చేరి, చలనచిత్రముతో నిమిత్తము లేని లలితసంగీతమును ఇంటింటికిని చేర్చిరి. నాడు ఆ పాటకు రేడియో అండగా నిలిచెను. నేడు గిటారు, డ్రమ్ములు చేపట్టిన యువకులు తామే వ్రాసి, తామే పాడి, తామే వెలువరించు ఆల్బములకు ఇంటర్నెట్టు తప్ప వేరొక అండ లేదు.

ఈ తరహాకు 'ఇండీ రాక్' అని పేరు. ఇండీ యనగా స్వతంత్రము. పెద్ద కంపెనీ పెట్టుబడి లేనిది. 1977లో మాంచెస్టరు నగరమున బజ్‌కాక్స్ బృందమువారు అప్పుతెచ్చిన సొమ్ముతో తమ రికార్డును తామే వేసికొనిరి. 1989లో వెలువడిన అమెరికా బృందము నిర్వాణ తొలి ఆల్బము 'బ్లీచ్' రికార్డింగునకైన ఖర్చు సుమారు 600 డాలర్లు. రెండేండ్లకు పెద్ద కంపెనీ ద్వారా వచ్చిన వారి 'నెవర్‌మైండ్' లోకమంతట మారుమ్రోగెను.

తెలుగున హైదరాబాదులోని 'చౌరస్తా' బృందము జానపద బాణీకి జమైకా దేశపు రెగే లయను జోడించెను. ఆ లయలో గిటారు దెబ్బ తాళముమీద పడదు. దెబ్బకును దెబ్బకును నడుమ పడును. వారి 'ఊరెళ్ళిపోతా మామా' విన్నప్పుడు ఆ లయ మాకు పరాయిదిగా తోచలేదు. తెడ్డు నీటిని తాకినప్పుడు కాదు, పిమ్మట పడవ జరిగినప్పుడు గదా ఊపు తెలియుట!

ఇట్టి ఆల్బములను తూచుటకు మాకు రెండు తూనికరాళ్ళు కలవు. మొదటిది మాట. ఆంగ్లమునకు ఊనిక ప్రాణము. తెలుగునకు హ్రస్వదీర్ఘములు ప్రాణము. బాణీకొరకు 'మడి'ని సాగదీసినచో 'మాడి' యగును; పచ్చని చేను ఒక్క రాగముతో ఎండిపోవును. రెండవది ఊరు. వాద్యము ఎచటిదైనను దోషము లేదు. ఫిడేలు పాశ్చాత్యులదే, నేడది లేని కచేరి అరుదు. కాని పాటలోని బాధ మాత్రము మనది కావలెను. సియాటిల్ చలిని అరువుతెచ్చుకొని అమలాపురమున వణకుట నటనయే.

ఇక మా తప్పొకటి ఒప్పుకొనవలెను. చౌరస్తాలో పాడిన రామ్ మిరియాల గారి పేరును మేము వినినది, ఆయన 2021లో 'జాతిరత్నాలు' చిత్రమున పాడిన 'చిట్టి' పాటవలననే. తరువాతనే వెనుకకు పోయి చౌరస్తాను వింటిమి. గాయకుడు సినిమాకు పోవుట నేరము కాదు. సినిమాకు పోవువరకు మనము వినకపోవుటయే నేరము.

కావున శ్రోతలారా, ఇట్టి ఆల్బమునొకదానిని కన్నులు మూసికొని మొదటినుండి తుదివరకు వినుడు. బాగులేనిచో బాగులేదనియే చెప్పుడు. జాలితో వేయు మెచ్చుకోలుకన్న అది గౌరవము. బాగున్నచో మాత్రము "ఏ సినిమాలోనిది?" అని యడుగక, "ఎవరిది?" అని యడుగుడు. ఆ ఒక్క ప్రశ్నతోనే ఆ పాటకు ఒక ఇల్లు దొరకును.