శుక్రుడికి మబ్బు దుప్పటి



మే నెలలో ఒక రాత్రి మా చీపురుపల్లిలో ఆకాశమంతా మబ్బు పట్టింది. చినుకు లేదు, ఆకు కదలదు, ఒకటే ఉక్క. డాబా మీద పక్కలు వేసుకున్నా ఎవరికీ నిద్ర రాలేదు. మా అమ్మాయి అడిగింది: "పగలు మబ్బొస్తే చల్లగా ఉంటుంది కదమ్మా! రాత్రి మబ్బొస్తే ఇలా ఉడికిపోతున్నామేం?"

వెంటనే జవాబు తోచలేదు. తెలుసుకుందామని మొదలుపెడితే శుక్రగ్రహం దాకా పోవలసి వచ్చింది.

శుక్రుడు మనకు కొత్తవాడేం కాదు. తెల్లవారుజామున లేచి వాకిట్లో కళ్ళాపి చల్లే ఆడవాళ్ళకు వేగుచుక్కగా తెలుసు. శుక్రమూఢమి వచ్చిందంటే పెళ్ళి ముహూర్తాలు ఆగిపోతాయి. మనకు దగ్గరలోని విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావుగారు, తమ మామగారు గోడే వెంకట జగ్గారావుగారు నెలకొల్పిన వేధశాల నుంచి, 1874 డిసెంబరు 9న శుక్రుడు నల్లని చుక్కలా సూర్యబింబాన్ని దాటిపోవటం చూశారు. అయితే శుక్రుణ్ణి కప్పిన తెల్లని మబ్బుల కింద ఏముందో ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. ఆ మబ్బులు ఎన్నడూ విడవు. అవి నీటి మబ్బులు కావు, గంధకామ్లపు తుంపరలు.

1970 డిసెంబరులో రష్యావారి వెనీరా-7 అక్కడ దిగి వేడిని కొలిచింది. శుక్రుడి నేల మీద వేడి సుమారు 464 డిగ్రీలు. సీసం కరిగిపోతుంది. రాత్రయినా తగ్గదు.

సూర్యుడికి దగ్గర కాబట్టి వేడి అనుకునేదాన్ని నేను. కాని ఇంకా దగ్గరగా ఉన్న బుధుడి మీద పగటి వేడి 430 డిగ్రీలే. రాత్రి సున్నాకు దిగువన 180కి పడిపోతుంది. ఇంకో చిత్రం వినండి. శుక్రుడి మబ్బులు తమ మీద పడిన ఎండలో వందకు 75 పాళ్ళ దాకా వెనక్కి కొట్టేస్తాయి. అందువల్ల శుక్రుడు లోపలికి తీసుకునే ఎండ మన భూమి తీసుకునే దానికంటే తక్కువే! రాబడి తక్కువ, అయినా నిలవ ఎక్కువ. ఎలాగండీ?

శాస్త్రజ్ఞులు దీన్ని మన ఇంటి జమాఖర్చులాగే లెక్క కడతారు. నేల నుంచి పైదాకా ఉన్న గాలిని టిఫిన్ క్యారియర్ గిన్నెల్లా అరలు అరలుగా అనుకుంటారు. ఒక్కొక్క అరకు ఎండ వల్ల ఎంత వేడి వచ్చింది, పై అరకూ కింది అరకూ ఎంత ఇచ్చింది, వాటినుంచి ఎంత పుచ్చుకుంది అని రాస్తారు. జమ ఎక్కువైతే ఆ అరను కొంచెం వేడెక్కిస్తారు. ఖర్చు ఎక్కువైతే చల్లబరుస్తారు. కింద మరీ వేడెక్కిన గాలి పైకి లేస్తుంది కదా, దాన్నీ కలుపుతారు. అన్ని అరల లెక్కా సరిపోయేదాకా మళ్ళీ మళ్ళీ కడతారు.

శుక్రుడి గాలిలో వందకు 96 పాళ్ళు బొగ్గుపులుసు వాయువు. దాని బరువు మన గాలికి 90 రెట్లు. నేల నుంచి లేచిన వేడిని అది బయటికి పోనివ్వదు. నేల అంతగా కాగితే గాని, వచ్చినంత వేడి పైనుంచి బయటపడలేదు. 1978లో అమెరికావారి పయొనీర్ నౌకలు శుక్రుడి గాలిలోకి దిగి కొలతలు పంపాయి. వాటితో 1980లో పొలాక్, టూన్, బోస్ అనేవారు లెక్క కట్టారు. బొగ్గుపులుసు వాయువుతో పాటు కాస్త నీటి ఆవిరి, గంధకపు వాయువు, మబ్బులు కూడా పద్దులో చేర్చాకే ఆ వేడి లెక్కకు అందింది. చిన్న పద్దు వదిలేసినా లెక్క తప్పుతుందని మనకు తెలియనిదా!

మా అమ్మాయికి ఇప్పుడు జవాబు చెప్పగలిగాను. మబ్బు పగలు గొడుగు, రాత్రి దుప్పటి. పగలు ఎండను ఆపుతుంది. రాత్రి నేలనుంచి, డాబానుంచి లేచే వేడిని మళ్ళీ మన మీదికే పంపుతుంది. సంక్రాంతి రోజుల్లో ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి చలి కొరికేది అందుకే. అప్పుడు దుప్పటి లేదు.

భూమి రేపే శుక్రుడైపోతుందని భయపెట్టటం లేదు. కాని మన పద్దు కూడా మారుతోంది. యంత్రాల కాలానికి ముందు గాలిలో పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళున్న బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు 420 దాటింది. మనం కాల్చే బొగ్గు, పెట్రోలు దానికి కారణం. పగలంతా పొలంలోనో, పొయ్యి దగ్గరో వేగిన ఒంటికి రాత్రి చల్లదనమే విశ్రాంతి. అదీ కరువైతే ముందు కుదేలయ్యేది ముసలివాళ్ళూ పసిపిల్లలే. అందుకని మబ్బు పట్టిన వేసవి రాత్రి "ఎండ లేదు కదా" అని ఏమరకండి. వాళ్ళ పక్కలు గాలి తగిలేచోట వెయ్యండి. మంచినీళ్ళ చెంబు చేతికందేలా పెట్టండి.

శుక్రుడి చుట్టూ తిరిగే నౌకను 2028లో పంపటానికి మన ఇస్రోవారు సన్నాహాలు చేస్తున్నారు. పిల్లలు వేగుచుక్కను చూపించి ఏదైనా అడిగితే విసుక్కోకండి. తెలియకపోతే వాళ్ళతోపాటే మనమూ తెలుసుకుందాం.