బానెట్ ఎత్తి చూస్తే

 

మన బడిలో చొక్కా జేబుకి బ్యాడ్జి లేకపోతే ప్రేయరుకి రానిచ్చేవారు కాదు. ఆ రేకుముక్కకి అంత విలువేమిటా అనుకునేవాణ్ణి. ఇంజనీరునయ్యాక ఒక కారు బ్యాడ్జి దగ్గర మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. నాలుగు మాటలు అదే చెబుతాను.

1999లో మలేసియాలో, కారు విడిభాగాలకి డైలు చేసే కంపెనీలో చేరాను. షా ఆలంలోని ప్రోటాన్ ఫ్యాక్టరీ మాకు దగ్గరే. ఈ ప్రోటాన్ మన ఫిజిక్సు మాస్టారు చెప్పింది కాదు. మలయ్‌లో 'జాతీయ మోటారు సంస్థ' అనే పేరులోంచి కొన్ని అక్షరాలు ఏరి కూర్చింది. ప్రధాని మహాథిర్ పట్టుబట్టి 1983లో పెట్టించారు. తొలి కారు 'సాగా' 1985 జులైలో వచ్చింది. దాని బ్యాడ్జి మీద నెలవంక, 14 కోణాల నక్షత్రం. ఆ దేశపు జెండాలో ఉన్నవే. 13 రాష్ట్రాలూ ఒక కేంద్రమూ కలిపి 14.

మా ఆఫీసులో నాకంటే పెద్దవాడైన ఒక మలయ్ ఇంజనీరుకి సాగా ఉండేది. ఓరోజు బానెట్ ఎత్తి చూసి, "ఇది మిత్సుబిషి లాన్సరే కదా! బ్యాడ్జి మార్చి మీదంటున్నారు" అన్నాను. ఆయన కోపగించుకోలేదు. "మీ అంబాసిడర్ అసలు ఎవరిది?" అన్నాడు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అని నాకు తెలుసు. గురివింద సామెత గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

తమాషా ఏమిటంటే, సాగా అన్నది కూడా ఓ గింజ పేరే. పేర్ల పోటీలో ఒక మాజీ సైనికుడు సూచించాడు. ఆఫీసు బయట చెట్టు కింద రాలినవి ఆయన ఏరి నా చేతిలో పోశాడు. ఎర్రగా, నున్నగా ఉన్నాయి. మనవైపు వాటిని బండి గురివింద అంటారు. వీటికి కింద నలుపుండదు!

2000లో 'వాజా' వచ్చింది. ఒళ్లంతా సొంత డిజైను. బ్యాడ్జి మీద నెలవంక పోయి పులి తల వచ్చింది. ఆయన సంబరం చూడాలి. ఇంజను మాత్రం ఇంకా మిత్సుబిషిదే. ఈసారి నేనేమీ అనలేదు. ఎందుకంటే అప్పటికి పని తెలిసొచ్చింది. బ్యాడ్జికి డై రెండు వారాల్లో కోసిస్తాం. డోరు ప్యానెల్ డై నుంచి ముడత లేకుండా, చిట్లకుండా రేకు బయటికి రావడానికి నెలలు పడుతుంది. ఎన్ని రేకులు పారేశామో లెక్కలేదు. ఇక ఇంజనంటే ఏళ్ల మాట.

నేను హైదరాబాద్ వచ్చేశాక 2004లో ఆయన నుంచి ఒక్క వాక్యం మెయిలు: "ఇప్పుడు బానెట్ ఎత్తి చూడు." 'జెన్-2' కారులో క్యాంప్రో ఇంజను పెట్టారు. 1996లో తాము కొన్న లోటస్ సాయంతో తయారుచేసుకున్నది.

తర్వాత అమ్మకాలు పడిపోయాయి. 2006లో అక్కడిదే పెరొడువా కంపెనీ దాటిపోయింది. 2017లో చైనా కంపెనీ గీలీ 49.9 శాతం వాటా కొంది. 2018లో వచ్చిన 'ఎక్స్70' గీలీ వారి బోయూ కారే. 2019లో పులి తలని మళ్లీ కొత్తగా గీశారు.

ఈమధ్య ఆయన ఇంటికెళ్లాను. రిటైరయ్యాడు. వాకిట్లో కొత్త ఎక్స్70, ముందు పులి.

"బానెట్ ఎత్తనా?" అన్నాను.

"ముందు టీ తాగు" అన్నాడు.