మూత వెయ్యనిది దేవుడా?

(క్రిస్మస్‌కు ముందు ఒక మాదిగపల్లెలో, చర్చి అరుగు మీద జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

"దేవుని సంకల్పం అంటే ఏంటో నాలుగు మాటలు చెప్పండి" అని మమ్మల్ని పిలిచారు. మేము పాస్టర్లం కాదు. బైబిలు కాలేజీ గడప తొక్కలేదు. ఇలాంటి పల్లెలోనే పుట్టి, సండే స్కూల్లో వాక్యాలు బట్టీ పట్టి, తర్వాత దళిత ఉద్యమంలోకి వచ్చినవాళ్ళం. అందుకని ముందు మా తప్పు ఒకటి ఒప్పుకుని మొదలుపెడతాం.

నెల కింద మీ పల్లె తమ్ముడు ఒకడు కామందు చేలో మోటారు వెయ్యబోయి కరెంటు కొట్టి చనిపోయాడు. స్టార్టరు డబ్బాకు మూత లేదు. వైరు మీద తొడుగు ఊడిపోయి ఉంది. "మార్పించండయ్యా" అని అతనే రెండుసార్లు చెప్పాడంట. పొద్దుగూకేసరికి ఊరి పెద్దలు కూర్చున్నారు. ఇంత డబ్బు చేతిలో పెట్టారు. కేసు లేదు, పోస్టుమార్టం లేదు, మర్నాడు సమాధి. సమాధి దగ్గర "ప్రభువు చిత్తం, ఆయన పిలుచుకున్నాడు" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. మేమూ అన్నాం. కామందు దూరంగా చెట్టు కింద నిలబడి తల ఊపాడు. ఆ మాట ఆయనకు ఎంత చల్లగా తగిలి ఉంటుందో ఆలోచించండి!

మూడో రోజు ఆ తమ్ముడి భార్య మమ్మల్ని ఒక్క మాట అడిగింది. "డబ్బాకు మూత వెయ్యనిది దేవుడా అన్నా?"

మా దగ్గర జవాబు లేదు. నెల రోజులు వెతుక్కున్నాం. ఇవాళ చెప్తున్నాం: కాదమ్మా, దేవుడు కాదు.

మన తాతలు క్రీస్తును ఎందుకు నమ్ముకున్నారు? "మీ తలరాత ఇది, పోయిన జన్మలో చేసుకున్న పాపం ఇది" అని ఊరు చెప్పేది. ఆ మాట అబద్ధమని చెప్పే దేవుడు దొరికాడని నమ్ముకున్నారు. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర దగ్గరకు యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద వెళ్ళాడు. పెద్ద కులాలవాళ్ళు "వీళ్ళను చేర్చుకుంటే మేము రాము" అన్నారు. దొరా, దొరసానీ చెరొక గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే చోటు కనబడిందని ఆయన జీవిత కథలో ఉంది. లోకం విలువ లేదని తోసేసినవాళ్ళనే దేవుడు ఎంచుకున్నాడని చెప్పే చోటు అది. అలా తలుపు మనకు తెరుచుకుంది.

మరి నమ్ముకున్న మన పెద్దలు ఏం చేశారు? చేతులు కట్టుకుని కూర్చున్నారా? లేదు. ఆదివారం పనికి రామన్నారు. చచ్చిన గొడ్డు తినమన్నారు. జాతరలో వెట్టికి డప్పు కొట్టమన్నారు. డప్పు తప్పు కాదు, వెట్టి తప్పు. దానికి పనులు ఆపారు, నీళ్ళు ఆపారు, కొట్టారు. అయినా నిలబడ్డారు. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కరువు పని జరిగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. "కూటి కోసం కలిశారు" అని ఎవరన్నా ఎగతాళి చేస్తే ఈ సంగతి చెప్పండి.

అంత కష్టపడి తలరాతను వదిలించుకుని వచ్చినవాళ్ళ మనవళ్ళం మనం. ఇవాళ ఏం చేస్తున్నాం? అదే తలరాతను మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకుని, దానికి "దేవుని చిత్తం" అని కొత్త పేరు పెట్టుకుంటున్నాం. పేరు మారింది, బరువు మారలేదు.

బైబిల్లో మొట్టమొదటి చావు ఎవరిది? హేబెలుది. అప్పుడు దేవుడు "నా చిత్తం" అన్నాడా? అనలేదు. కయీనును పట్టుకుని "నీ తమ్ముడెక్కడ?" అని అడిగాడు. నేలలో ఇంకిన రక్తం తనకు మొర పెడుతోందన్నాడు. మొదటి విచారణ చేసింది దేవుడే!

పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు "ఎవరి పాపం?" అని అడిగితే యేసు "వీడిదీ కాదు, వీడి అమ్మా నాన్నలదీ కాదు" అన్నాడు. కర్మ సిద్ధాంతాన్ని ఒక్క మాటతో కొట్టేశాడు. ఐగుప్తులో ఇటుకలు చేసే బానిసల గురించి "నేనే అలా రాసిపెట్టాను" అని దేవుడు అనలేదు. బాధ చూశాడు, మొర విన్నాడు, దిగి వచ్చాడు. వచ్చి మోషేతో "నువ్వు వెళ్ళు" అన్నాడు. మోషే నోరు తిరగదని సాకు చెప్పాడు. మనం చెప్పే సాకులన్నీ ఆయన ముందే చెప్పేశాడు!

ఇంకొకటి. నీ చిత్తం భూమి మీద జరగాలని రోజూ ప్రార్థన చేస్తున్నాం కదా. జరిగేదంతా ఆయన చిత్తమే అయితే, జరగాలని అడగడం ఎందుకు? ఇంకా జరగడం లేదు కాబట్టే అడగమన్నాడు. దేవుని సంకల్పం జరిగిపోయినదానికి వేసే ముద్ర కాదు, జరగాల్సిన పని.

పెద్దలు యోసేపు సంగతి ఎత్తుతారు. అన్నలు కీడు తలపెడితే దేవుడు మేలు చేశాడు కదా అంటారు. నిజమే. కానీ ఆ మాట అన్నది ఎవరు? గుంటలో పడినవాడు, అమ్ముడుపోయినవాడు. తోసిన అన్నలు అనలేదు. రేపు మన చెల్లెలు తన బాధలో దేవుడు తోడున్నాడని చెప్పుకుంటే అది ఆమె విశ్వాసం, మేము తల వంచుతాం. కామందు తరఫున ఆ మాట ఎవరూ చెప్పకూడదు.

సర్టిఫికెట్ సంగతీ ఇంతే. "మీరు క్రైస్తవులు కదా, ఎస్సీ ఎలా అవుతారు?" అంటే, "పరలోక రాజ్యం కోసం ఓర్చుకుందాం" అనేవాళ్ళున్నారు. ఆ గీత గీసింది 1950 రాష్ట్రపతి ఉత్తర్వు. 1956లో సిక్కుల కోసం సవరించారు. 1990లో బౌద్ధుల కోసం సవరించారు. రెండుసార్లు మనుషులు దిద్దినది దేవుని రాత ఎలా అవుతుంది?

మనలో తప్పు కూడా చూసుకుందాం. మాలలకో చర్చి, మాదిగలకో చర్చి. ఒకే రొట్టె అంటాం, రెండు చోట్ల విరుస్తాం. ఇదీ దేవుని సంకల్పమేనా? పాస్టరుగారు ఇక్కడే ఉన్నారు. ఆయన మీద కోపంతో మాట్లాడటం లేదు. ఆయనా మన బిడ్డే, ఆయన ఇల్లు గడిచేదీ మన కానుకల మీదే. ఆయన ఒక్కడే ఎదురు మాట్లాడాలంటే భయం ఉంటుంది. పల్లె వెనక నిలబడితే ఆయనకూ ధైర్యం వస్తుంది.

ఇక అసలు పని. రేపు మన చెల్లెలు తహసీల్దారుకు అర్జీ ఇస్తోంది. సమాధి తెరిపించి పోస్టుమార్టం చేయించే అధికారం మేజిస్ట్రేటు హోదాలో తహసీల్దారుకు ఉంది. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నేరం. పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇద్దాం, ఎఫ్.ఐ.ఆర్. కాపీ చేతికి తీసుకుందాం. మోటారు ముట్టుకోవద్దనీ, వచ్చి చూసి రిపోర్టు రాయమనీ కరెంటు ఆఫీసుకు కాయితం పెడదాం. మూతలేని డబ్బాను చూసినవాళ్ళు ఈ పల్లెలో పదిమంది ఉన్నారు. వాళ్ళు నోరు విప్పాలి.

"పడుకున్నవాణ్ణి లేపకూడదు, పాపం" అంటున్నారు కొందరు. లాజరు సమాధి దగ్గర మార్త కూడా వద్దంది. నాలుగు రోజులైంది, వాసన కొడుతుందంది. యేసు ఊరుకున్నాడా? రాయి తియ్యమన్నాడు. తీసింది ఎవరు? అక్కడున్న మనుషులే. లాజరును లేపినవాడికి రాయి ఒక లెక్కా? అయినా ఆ పని మనుషులకే వదిలాడు.

మన తమ్ముడు లేచి రాడు. నిజం మాత్రం లేచి వస్తుంది. ఆ రాయి మనం తియ్యాలి.

ఆమెన్ అంటే "అలాగే జరుగుగాక" అని. నెల కింద సమాధి దగ్గర ఆ మాట తప్పు చోట అన్నాం. రేపు పొద్దున తొమ్మిదింటికి బస్టాండు దగ్గర కలుద్దాం. వచ్చేవాళ్ళు ఇప్పుడు చేతులెత్తి ఆమెన్ అనండి.

జై భీమ్!