పగటిపూట బిడ్డ ఎవరి దగ్గర?

(నల్లగొండ జిల్లాలో ఒక మండల మహిళా సమాఖ్య వార్షిక సభలో చేసిన ఉపన్యాసం)



ఇప్పుడు నాట్ల కాలం. తెల్లారేసరికి ఆటోలు కూలీలతో నిండి కదులుతున్నాయి. తల్లి మళ్ళీ ఇల్లు చేరేసరికి పొద్దు గూకుతుంది. ఆ మధ్యనున్న ఎనిమిది తొమ్మిది గంటలు ఏడాదిన్నర బిడ్డ ఎవరి దగ్గర ఉంటోంది? ఎన్నిసార్లు తింటోంది? దానితో మాట్లాడేవాళ్ళు ఎవరు? పసిపిల్లల ఎదుగుదలకు ఊరు ఎలా అండగా నిలవాలో చెప్పమని నన్ను పిలిచారు. చాలా పెద్ద అంశం. నేను దాన్ని ఈ పగటి గంటల దగ్గరే పట్టుకుని మాట్లాడతాను. మూడేళ్ళ లోపు బిడ్డ విషయంలో మనం చేసిన మంచీ, వదిలేసిన పనీ రెండూ అక్కడే తేలుతాయని నా నమ్మకం.

అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న దేశం మొత్తం మీద 33 ప్రాజెక్టులతో మొదలైంది. ఈరోజు తెలంగాణలో 35 వేలకు పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు అక్కడికి వస్తారు, ఆడతారు, పాడతారు, అన్నం తింటారు, గుడ్డు తింటారు. మన దగ్గర 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు ఒక పూట నిండు భోజనం, పాలు, గుడ్డు అందుతున్నాయి. ఏడు నెలలు నిండి మూడేళ్ళ లోపున్న బిడ్డకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్టు, గుడ్లు ఇంటికి వెళ్తాయి. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిసిన పిండి అది. మంచి ఆహారం. అయితే ప్యాకెట్టు ఇంటికి చేరినా దాన్ని కలిపి, చల్లార్చి, బిడ్డ మొహం చూస్తూ ముద్ద ముద్దగా తినిపించే మనిషి ఆ వేళకు ఇంట్లో ఉండదు.

ఏడాది బిడ్డ పొట్ట చిన్నది. ఒక్కసారి ఎక్కువ పెడితే పట్టదు. తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు రోజుకు మూడు నాలుగు సార్లు తిండి, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి పెట్టాలని వైద్యులు చెబుతారు. కూలికి పోయే తల్లి పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పెట్టగలదు. మిగతావన్నీ ఆమె ఇంట్లో లేని గంటల్లో పడతాయి. అప్పుడు బిడ్డ చేతికి వచ్చేది ఒక బిస్కెట్ పొట్లం, లేదా అంగట్లో అయిదు రూపాయలకు దొరికే కారపు చిప్స్. తల్లికి తెలియక కాదు. తెలిసిన తల్లికి కూడా ఆ గంటలు చేతిలో ఉండవు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అంటే 2019-21లో, అయిదేళ్ళ లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు పిల్లల్లో సరిపడా తిండి తింటున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి పదకొండు మందే. ఈ లెక్కలు చూసి తల్లులకు ఇంకా అవగాహన కల్పించాలని తీర్మానాలు చేసే సభలు చాలా చూశాను. నాకు కోపం వస్తుంది. అవగాహన ఎంత పెంచినా ఆ మధ్యాహ్నం ముద్ద పెట్టడానికి ఒక చెయ్యి కావాలి కదా.

తిండి సగం సంగతి. మిగతా సగం గురించి ఈ నల్లగొండ జిల్లాలోనే ఒక గొప్ప పని జరిగింది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఈ జిల్లాలో 60 ఊళ్ళను ఎంచుకుని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు ఊళ్ళలో అంగన్‌వాడీ సేవలు ఎప్పటిలాగే నడిచాయి. రెండో గుంపులో వాటితోపాటు, శిక్షణ పొందిన ఊరి ఆడవాళ్ళు ఇంటికి వెళ్ళి ఏ వయసులో ఏం పెట్టాలో తల్లులకు చెప్పారు. మూడో గుంపులో ఏం పెట్టాలో చెప్పడంతో ఆగలేదు. బిడ్డ ఆకలిని ఎలా గుర్తుపట్టాలి, బలవంతం చేయకుండా ఎలా తినిపించాలి, తినేటప్పుడూ ఆడేటప్పుడూ దానితో ఎలా మాట్లాడాలి అన్నది కూడా నేర్పారు. బిడ్డకు మూడు నెలలున్నప్పుడు మొదలుపెట్టి పదిహేను నెలలు నిండేదాకా సాగించారు. రెండు, మూడు గుంపుల పిల్లలూ బాగా తిన్నారు. కానీ మానసిక వికాసం పరీక్షలో ముందున్నది మూడో గుంపు పిల్లలు. ఈ ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. ప్రపంచంలో చాలామంది వీటిని చదివారు. ఏ ఊళ్ళలో జరిగిందో ఆ ఊళ్ళ సమాఖ్యల్లో దీని గురించి ఒక్కసారైనా మాట్లాడుకున్నామా?

కరీబియన్ దీవి జమైకాలో 1986-87లో ఇలాంటిదే ఒక పని మొదలైంది. కింగ్‌స్టన్ నగరపు పేదవాడల్లో ఎదుగుదల కుంటుపడిన పసిపిల్లల ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒక గంట చొప్పున రెండేళ్ళు వెళ్ళారు. ఇంట్లో పారేసే డబ్బాలు, అట్టముక్కలతో బొమ్మలు చేసి, వాటితో బిడ్డను ఎలా ఆడించాలో తల్లికి చూపించారు. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే, ఆ పిల్లలు పెద్దయి సంపాదిస్తున్నది, అలా ఎవరూ రాని ఇళ్ళ పిల్లల కంటే 25 శాతం ఎక్కువ. అక్కడే పాల ఆహారం మాత్రమే ఇచ్చి ఊరుకున్న పిల్లల్లో ఆ లాభం నిలవలేదు.

అలాగని తిండి చేసే మేలు తక్కువేమీ కాదు. ఇబ్రహీంపట్నం దగ్గరి పల్లెల్లో 1987 నుంచి 1990 దాకా 15 ఊళ్ళలో గర్భిణులకు, చిన్నపిల్లలకు మొక్కజొన్న, సోయా కలిసిన ఉప్మా పెట్టారు. పక్కనున్న 14 ఊళ్ళకు ఆ ఏర్పాటు అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్ళు వచ్చాక పరిశోధకులు మళ్ళీ వెళ్ళి కొలిచారు. ఉప్మా తిన్న ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. ముందు ముందు గుండె జబ్బుకు, చక్కెర జబ్బుకు దారితీసే లక్షణాలు కూడా వాళ్ళలో తక్కువ. కడుపులో ఉన్నప్పుడు, పుట్టిన తొలి ఏళ్ళలో పెట్టిన ముద్ద పదిహేనేళ్ళ తర్వాత కూడా ఒంట్లో కనిపించింది.

మన అవ్వలు ఇవన్నీ ఏ పరిశోధనా లేకుండానే చేసేవాళ్ళు. కాళ్ళు చాపి, వాటి మీద బిడ్డను పడుకోబెట్టుకుని, నూనె రాసి, కాళ్ళూ చేతులూ సాగదీస్తూ మాట్లాడుతూ నీళ్ళు పోసేవాళ్ళు. తారంగం ఆడించేవాళ్ళు. చందమామను చూపిస్తూ గోరుముద్దలు పెట్టేవాళ్ళు. ఈ జిల్లాలో మూడో గుంపు తల్లులకు నేర్పింది చాలావరకు ఇదే. చేతకానివాళ్ళం కాదు మనం. ఇవాళ ఆ అవ్వ కూడా కూలికి పోతోంది. పోకపోతే ఇల్లు గడవదు.

అవ్వ కూడా లేని ఇంట్లో బిడ్డను ఎత్తుకునేది ఎనిమిదేళ్ళ అక్క. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు బడి హాజరు పట్టీలో ఆడపిల్లల పేర్ల పక్కన గైర్హాజరు ఎందుకు పెరుగుతుందో పంతులమ్మలను అడగండి. 1991లో రంగారెడ్డి జిల్లాలో బాల కార్మికుల కోసం పని మొదలుపెట్టిన శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్, బడికి రాని ప్రతి బిడ్డా ఏదో ఒక పనిలో ఉన్న బిడ్డేనని పట్టుబట్టి చెప్పింది. తమ్ముణ్ణి చంకనేసుకుని గడప దగ్గర కూర్చున్న అమ్మాయి చేస్తున్నదీ పనే. శిశు సంరక్షణ కేంద్రం లేనందువల్ల ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లల బాల్యం దెబ్బతింటోంది. చిన్నదానికి తిండి లేదు, పెద్దదానికి చదువు లేదు.

మరి ఏం చేయాలి? చేసి చూపినవాళ్ళు ఉన్నారు. ఉమ్మడి రాష్ట్రంలో ఇందిర క్రాంతి పథం రోజుల్లో గ్రామ సంఘాలు పోషకాహార, పగటి సంరక్షణ కేంద్రాలు నడిపాయి. గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలు ఒకచోట కూర్చుని తినేవాళ్ళు. వండేదీ, లెక్క రాసేదీ సంఘం ఆడవాళ్ళే. మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గరి గనియారీలో జన స్వాస్థ్య సహయోగ్ డాక్టర్లు అడవి పల్లెల్లో ఫుల్వారీలనే శిశు సంరక్షణ కేంద్రాలు పెట్టారు. ఆరు నెలల నుంచి మూడేళ్ళ పిల్లలకే అవి. ఊరి మనిషే చూసుకుంటుంది, దాదాపు పదిమంది పిల్లలకు ఒక్కరు చొప్పున. సత్తుపిండి, కిచిడీ పెడతారు. తల్లి అడవికో పొలానికో నిశ్చింతగా పోయివస్తుంది. అక్కడి ప్రభుత్వం కూడా తర్వాత ఆ దారి పట్టింది.

చట్టం కూడా మనవైపు నిలిచింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో, పనిచోట ఆరేళ్ళ లోపు పిల్లలు అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే వాళ్ళను చూసుకోవడానికి ఒక మహిళను కేటాయించాలని, ఆమెకు కూలి ఇవ్వాలని స్పష్టంగా రాశారు. కేంద్ర ప్రభుత్వపు పాల్నా పథకంలో శిశు సంరక్షణ కేంద్రం నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు నడవాలి, ఆరు నెలల బిడ్డ నుంచి తీసుకోవాలి. కాగితం మీద ఉన్నది మన ఊళ్ళోకి రావాలంటే అడిగేవాళ్ళు ఉండాలి. సమాఖ్య అడిగినట్టుగా ఒక తల్లి ఒంటరిగా అడగలేదు.

నేను కోరేది ఇది. ప్రతి గ్రామ సంఘం ముందు ఒక జాబితా రాయాలి. ఊళ్ళో మూడేళ్ళ లోపు పిల్లలు ఎవరెవరు, తల్లి ఏ నెలల్లో కూలికి పోతుంది, ఆ గంటల్లో బిడ్డ ఎవరి చేతిలో ఉంటుంది. ఈ మూడో గడి ఏ రిజిస్టరులోనూ లేదు. బిడ్డ బరువు రాస్తాం, ఎత్తు రాస్తాం, ఫోనులో పోషణ్ ట్రాకర్‌లో ఎక్కిస్తాం. ఎవరి దగ్గర ఉందో రాయం. మిరప కోతకు ఊరు విడిచి పోయే కుటుంబాల పిల్లల పేర్లు కూడా అందులో ఉండాలి. వాళ్ళు పోయిన ఊరి అంగన్‌వాడీలో పేరు లేదని ఆ పిల్లలను వెనక్కి పంపకూడదు.

జాబితా చూస్తే ఎంతమందికి కేంద్రం కావాలో తెలుస్తుంది. గది పంచాయతీ ఇవ్వాలి. నీడ, నీళ్ళు, మరుగుదొడ్డి, చుట్టూ దడి ఉండాలి. పాకే బిడ్డకు బావి దగ్గరలో ఉండకూడదు. చూసుకునే అక్కకు జీతం ఉండాలి. ఈ మాట దగ్గర మాత్రం నేను రాజీ పడను. పిల్లల్ని చూసుకోవడం సేవ అని పొగిడి ఉచితంగా చేయించుకునే అలవాటు మనకు బాగా పాతుకుపోయింది. అంగన్‌వాడీ టీచర్లు, ఆయమ్మలు ఏళ్ళ తరబడి రోడ్డెక్కి అడుగుతున్నది కూడా అదే కదా. వాళ్ళకు గ్రాట్యుటీ హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇప్పటికే సర్వేలు, ఎన్నికల పనులు మోస్తున్న టీచరు నెత్తిన ఈ కేంద్రాన్ని కూడా పెట్టకండి. ఇంకో మనిషి కావాలి, ఇంకో జీతం కావాలి.

మొదలుపెట్టాక మాట్లాడుకునే చోటు కూడా కావాలి. జార్ఖండ్, ఒడిశాల్లో ఏక్‌జుట్ అనే సంస్థ ఆదివాసీ మహిళా సంఘాలను నెలనెలా కూర్చోబెట్టింది. బొమ్మల కార్డులతో, కథలతో, ఏ కష్టం పెద్దదో వాళ్ళే ఎంచుకుని, ఏం చేయాలో వాళ్ళే తేల్చుకున్నారు. రెండు, మూడో సంవత్సరాల్లో ఆ ఊళ్ళలో నెలలోపు పసిబిడ్డల మరణాలు, సంఘాలు ఇలా కూర్చోని ఊళ్ళతో పోలిస్తే 45 శాతం తక్కువగా నమోదయ్యాయి. 2010లో లాన్సెట్ పత్రిక దీన్ని ప్రచురించింది. పొదుపు డబ్బు కట్టడానికి మీరెలాగూ నెలనెలా కూర్చుంటున్నారు. ఆ కూర్చున్నప్పుడే ఒక అరగంట ఈ పిల్లల జాబితా తీయండి. ఏ బిడ్డ బరువు ఆగింది, ఏ బిడ్డ పిలిస్తే తిరిగి చూడటం లేదు, ఏ బిడ్డ ఏడాదిన్నర దాటినా నడవటం లేదు అన్నది ఏఎన్‌ఎం కంటే ముందు మీకే తెలుస్తుంది. మగవాళ్ళను కూడా పిలవండి. తండ్రి తినిపించినా బిడ్డ తింటుంది.

ఖర్చు గురించి, గదుల గురించి మీకు నాకంటే బాగా తెలుసు, కాబట్టి నేను ఇక్కడ ఆపుతాను. ఎంపీడీవో గారు, సీడీపీవో గారు సాయంత్రం దాకా ఉంటామన్నారు. ముందుగా ఆయమ్మలు మాట్లాడాలని నా కోరిక. రెండేళ్ళ బిడ్డను కేంద్రం గడప దగ్గర వదిలి పనికి పోయే తల్లులు మీ మీ ఊళ్ళలో ఎంతమంది ఉన్నారో, ఆ పిల్లలను ఇప్పుడు మీరెలా చూసుకుంటున్నారో అధికారుల ముందు చెప్పండి. ఆ తర్వాత జాబితా ఏ గ్రామ సంఘం ముందుగా రాస్తుందో ఈ సభలోనే పేర్లు తీసుకుందాం.