పసిగుండెకు రక్తపుబొట్టు సాక్ష్యము

పెద్దవారికి ఎదలో బాధ కలిగినచో నోటితో చెప్పుకొందురు. నిన్న పుట్టిన బిడ్డ చెప్పుకొనలేడు. అందుచేత వైద్యులు ఆ శిశువు రక్తమునే ప్రశ్నించుచున్నారు. రక్తము చెప్పు సమాధానమును ఏ విధముగా గ్రహింపవలెనో నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి.

గుండె రక్తమును తోడు యంత్రము మాత్రమే అని చిరకాలము భావించితిమి. 1981లో కెనడాలో అడాల్ఫో డి బోల్డ్, ఆయన సహచరులు ఎలుకల గుండె పైగదుల నుండి తీసిన సారమును ఇతర ఎలుకలకు ఎక్కించగా, మూత్రమును ఉప్పును విరివిగా వెలువడినవి. గుండె గ్రంథివలె కూడ పనిచేయునని అట్లు తెలిసినది. 1988లో జపాను శాస్త్రజ్ఞులు పంది మెదడు నుండి ఇట్టి పదార్థమునే మరియొకదానిని వేరుచేసిరి. అదియే బి.ఎన్.పి. మెదడు పేరు దానికి నిలిచినను, అది అధికముగా పుట్టునది గుండె క్రిందిగదులలోనే. భారము హెచ్చి గది గోడలు సాగినప్పుడు అది రక్తములోనికి వచ్చును. దానితోపాటు తెగివచ్చు తునక ఎన్.టి. ప్రో బి.ఎన్.పి. ట్రోపోనిన్ అనునది వేరొక సాక్షి. గుండె కండరము దెబ్బతిన్నప్పుడు అది బయటపడును.

ఇక శిశువు సంగతి. గర్భములో ఊపిరితిత్తులకు పోవు రక్తము స్వల్పము. తొలి శ్వాసతో అవి విచ్చుకొనును. రక్తప్రవాహము దారి మార్చుకొనును. ఎడమగుండెపై హఠాత్తుగా బరువు పడును. కావుననే ఆరోగ్యవంతుడైన బిడ్డకు సైతము తొలి రెండు దినములలో ఎన్.టి. ప్రో బి.ఎన్.పి. మిల్లీలీటరునకు వేల పికోగ్రాములు ఉండుట కద్దు. పెద్దవారిలో 125 దాటిననే వైద్యుడు ఆలోచనలో పడును. పసివానిలో ఆ అంకె క్రమముగా దిగివచ్చుటయే శుభలక్షణము. దిగవలసిన దినములలో దిగక, మరల పెరిగినచో విచారింపవలెను.

నెలలు నిండక పుట్టిన శిశువులలో, పుపుసధమనిని బృహద్ధమనితో కలుపు నాళము మూసికొనక గుండెకు భారమగుచున్నదా అని ఊహించుటకు ఈ పరీక్ష తోడ్పడును. పుట్టుకవేళ ఊపిరాడక బాధపడిన బిడ్డ గుండె ఎంత దెబ్బతిన్నదో ట్రోపోనిన్ సూచించును. అయినను ఇవి లోపము ఎచ్చట ఉన్నదో చూపజాలవు. ఆ పని ఎకోకార్డియోగ్రామ్ చేయవలసినదే. మూడు కిలోల బిడ్డకు ఉన్న రక్తమంతయు సుమారు పావు లీటరు. అవసరము లేని పరీక్షకు ఒక్క బొట్టైనను తీయరాదు.

తల్లిదండ్రులకు మా మనవి రెండు మాటలు. పరీక్షాశాల కాగితముపై ముద్రించిన హద్దు పెద్దవారిది కావచ్చును. అంకె దాటినదని కంగారుపడక, బిడ్డ పుట్టి ఎన్ని గంటలైనదో చెప్పి వైద్యుని అడుగుడు. అంకె బాగున్నదని ఏమరుపాటును తగదు. నాలుక, పెదవులు నీలి వారినను, పాలు త్రాగుచు చెమటపట్టి అలసి విడిచిపెట్టినను, నిద్రలో సైతము డొక్కలు ఎగురవేసినను, ఏ కాగితము కొరకును వేచియుండక ఆ క్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను.