కొండ దగ్గరికొచ్చింది

వెనకాల గాలి చప్పుడు ఎక్కువగా వస్తే ఏమీ అనుకోకండి, ఆర్కే బీచ్‌లో కూర్చుని మాట్లాడుతున్నా. టైమ్ సాయంత్రం ఐదున్నర. నాకు కుడివైపు దూరంగా కనిపిస్తోంది చూడండి, అదే డాల్ఫిన్స్ నోస్. ఇవాళ మాట కొండల గురించే. కాకపోతే ముందు కొంచెం చుట్టు తిరిగొద్దాం.

1908లో మన వాల్తేరులో ఒక అమ్మాయి పుట్టింది. పేరు దేవికారాణి. అవునండీ, సినిమా హీరోయిన్. దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు మొట్టమొదట వచ్చింది ఆవిడకే. 1945లో ఆవిడ స్వెతొస్లావ్ రోరిక్ అనే రష్యన్ చిత్రకారుణ్ణి పెళ్లి చేసుకున్నారు. ఆయన నాన్నగారు నికొలస్ రోరిక్, ఇంకా పెద్ద చిత్రకారుడు. అంటే మన ఊళ్ళో పుట్టిన ఆడపిల్లకి మామగారన్నమాట. వరస కలిసింది కదా, ఇక ధైర్యంగా మాట్లాడుకోవచ్చు.

ఈ పెద్ద రోరిక్ 1928లో హిమాలయాల్లో, కులూ లోయలో నగ్గర్ అనే ఊరికి వచ్చి స్థిరపడ్డారు. 1947లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. కొండలు వేశారు, మళ్ళీ కొండలే వేశారు. వాడింది ఎక్కువగా టెంపెరా రంగులు, అవి ఆయిల్ పెయింట్‌లాగా మెరవవు. నీలం వెనకాల ఇంకో నీలం, దాని వెనకాల ఊదా, ఆ పైన ఒక మంచు అంచు. కొన్ని బొమ్మల్లో బుద్ధుడో, ఒక సాధువో కొండ ముందు చిన్నగా కూర్చుని ఉంటారు. చాలా వాటిల్లో అదీ లేదు, ఉత్త కొండే. ఆయనకి మాత్రం ఆ కొండ ఎక్కడం, మనిషి లోపల పైకి ఎదగడం రెండూ ఒకటే.

మనవాళ్ళు ఇంకో రకం. కొండ కనిపిస్తే ఊరుకోరు, దేవుణ్ణి పెట్టేస్తారు. పోర్టు పక్కన మూడు కొండలు చూడండి, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద దర్గా, రాస్ హిల్ మీద మరియమాత చర్చి. అదీ నాకు ఇష్టమే.

సరే, అసలు విషయం. రెండేళ్ల కిందట నేను నగ్గర్ వెళ్ళాను. నాన్న పోయిన ఏడాది అది. మనసు బాగా లేదు, హిమాలయాలకెళ్తే ఏదో దొరుకుతుందని ఎవరో అన్నారు. రోరిక్ ఇల్లు ఇప్పుడు గ్యాలరీ. చూశాను. బయటికొచ్చి కొండలకి నూట నలభై ఫొటోలు తీశాను. నిజం చెప్తున్నా, లోపల ఏమీ కదల్లేదు. రాత్రి రూమ్‌లో ఫొటోలు చూస్తే అన్నీ తళతళలాడిపోతున్నాయి, అంతే.

తిరిగొచ్చాక సంజీవదేవ్ గారి గురించి చదివాను. 1914లో పుట్టారు, గుంటూరు జిల్లా తుమ్మపూడి. కుర్రతనంలో హిమాలయాల్లో తిరిగారు, ఆ నగ్గర్‌లోనే రోరిక్‌కి అతిథిగా ఉన్నారు. ఆయనా ప్రకృతి చిత్రాలే వేశారు, సౌందర్యం గురించి పుస్తకాలు రాశారు. మీకు వీలైతే 'తెగిన జ్ఞాపకాలు' వెతికి చదవండి. నన్ను ఆపేసింది ఏంటంటే, ఆయన అక్కడే ఉండిపోలేదు. తుమ్మపూడి వచ్చేశారు. వరిచేలు, కాలవలు, బల్లపరుపు నేల. 1999లో పోయేదాకా అదే ఊరు. పేరున్నవాళ్ళు ఆయన్ని వెతుక్కుంటూ ఆ పల్లెకే వచ్చేవారు.

అది చదివాక నాన్న గుర్తొచ్చాడు. నాన్నది స్టీల్ ప్లాంటు, మా ఇల్లు గాజువాక. సీ షిఫ్టు అయ్యి పొద్దున్నే ఇంటికొస్తే వెంటనే పడుకునేవాడు కాదు. టీ గ్లాసు పట్టుకుని డాబా ఎక్కి, యారాడ కొండల వైపు కూర్చునేవాడు. సూర్యుడు వాటి వెనకాల నుంచే కదా రావాలి. ఒకసారి, ముందు రాత్రి బాగా వాన పడింది, "ఏం చూస్తున్నావ్ నాన్నా?" అని అడిగా. "కొండరా. ఇవాళ దగ్గరికొచ్చింది" అన్నాడు. నేను నవ్వేసి ఫోన్ చూసుకున్నా.

దగ్గరికి రావడం నిజమేనండీ! వాన పడితే గాలిలో దుమ్ము కడుక్కుపోతుంది. మామూలు రోజు ఆ దుమ్ము, తేమ అడ్డుపడి కొండ మసగ్గా, దూరంగా ఉంటుంది. వాన పడ్డ మర్నాడు చెట్లు కూడా విడివిడిగా కనపడతాయి. రోరిక్ నీలం పొరల్లోనూ మధ్యలో ఉన్న గాలి లెక్కే. మన ఫోను ఏం చేస్తుందంటే, దూరంగా ఉన్న కొండని కూడా షార్ప్ చేసి, నీడల్లో వెలుగు నింపేస్తుంది. ఏ రోజు తీసినా కొండ ఒకే దూరంలో ఉంటుంది. నాన్న చూసిన తేడా నా నూట నలభై ఫొటోల్లో ఎక్కడా లేదు.

నాన్నకి రోరిక్ ఎవరో తెలీదు. పూజా గదిలో కూడా పెద్దగా కూర్చునే మనిషి కాదు. ఆ డాబా మీద మాత్రం పలకరిస్తే పలికేవాడు కాదు. అలసట అనుకున్నా అన్నాళ్ళూ. ఇప్పుడు అడుగుదామంటే లేడు.

ఇప్పుడు ఫోన్ ఇటు తిప్పుతున్నా, మీకు సరిగ్గా కనపడదు, ముందే చెప్తున్నా. ఎండ వెనక్కి వెళ్ళిపోయింది, డాల్ఫిన్స్ నోస్ ఇటువైపంతా నీడ, పైన లైట్‌హౌస్ ఒక్కటే ఉంది. అదిగో, పోర్టులోంచి ఓడ బయటికొస్తోంది. అది కొండ ముందు నుంచి దాటేదాకా నేను మాట్లాడను, కూర్చుందాం.